కోనాం కడుపులో ఏముంది?



కోనాం చేప తెలియనివాళ్ళు మన తీరంలో ఉండరు. పట్నం బజారులో దీన్నే వంజరం అంటారు. చింతపల్లిలో అడగండి. ముక్కాంలో అడగండి. కోనాడలో అడగండి. "కోనాం పడిందా?" అని అడిగితే ఆడవాళ్ళ ముఖం వెలుగుతుంది. ఎందుకంటే కోనాం పడిన రోజు నాలుగు డబ్బులు కళ్ళ చూస్తాం.

కోనాం ఖరీదు మనకు తెలుసు. రుచి తెలుసు. ముక్క ఎలా కొయ్యాలో తెలుసు. మరి కోనాం ఏం తిని బతుకుతుంది? ఎలా తింటుంది? దాని తిండికీ మన తిండికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కోనాం ఎలా ఉంటుంది?

కోనాం ఒళ్ళు పొడవుగా, నున్నగా ఉంటుంది. వీపు నీలంగా ఉంటుంది. పొట్ట వెండిలా మెరుస్తుంది. కొన్నిటికి పక్కల మీద నిలువు గీతలు ఉంటాయి. కొన్నిటికి చుక్కలు ఉంటాయి. ఇవి రెండూ కోనాంలో వేరు వేరు రకాలు. గీతల కోనాం బాగా పెద్దది అవుతుంది. ఒక్కోసారి మనిషంత పొడవు కూడా పెరుగుతుంది.

దాని తోక చూడండి. నెలవంకలా ఉంటుంది. అలాంటి తోక ఉన్న చేప చాలా జోరుగా ఈదుతుంది.

ఇంకొక సంగతి. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. చేప కోసేటప్పుడు తెల్లటి బుడగలా కనిపిస్తుంది. ఆ గాలి వల్ల చేప ఈదకపోయినా నీళ్ళలో తేలుతుంది. కోనానికి ఆ గాలితిత్తి లేదు. ఈదడం ఆపితే కిందికి జారిపోతుంది. అందుకే అది రాత్రీ పగలూ ఈదుతూనే ఉంటుంది.

రోజంతా పని చేసే మనిషికి ఆకలి ఎక్కువ. అవునా, కాదా? కోనానికీ అంతే. ఆగకుండా ఈదుతుంది కాబట్టి దానికి తిండి చాలా కావాలి.

అత్తాకోడళ్ళ మాటలు

ఒక ఇంటి ముంగిట అత్తా, కోడలూ కత్తిపీట ముందు కూర్చున్నారు. కోనాం కోస్తున్నారు. వాళ్ళ మాటలు వినండి.

కోడలు: అత్తా, ఇటు సూడు. దీని కడుపులో సేపలున్నాయి.

అత్త: ఉండవేటే మరి? కోనాం గడ్డి మేస్తాదేటి?

కోడలు: ఇవి కవ్వళ్ళు. మూడున్నాయి. ఒకటి సగానికి తెగిపోనాది. కత్తితో కోసినట్టుంది.

అత్త: దాని పళ్ళు సూసినావా? రంపం నాగుంటాయి. సిన్న సేపనైతే మింగీస్తాది. కొంచెం పెద్దదైతే కొరికీసి, ముక్కలు తింటాది.

కోడలు: మొన్న కోసినదాని కడుపులో ఏటీ లేదు కదా?

అత్త: గాలానికి పడినప్పుడు కొన్ని కక్కీస్తాయి. రాత్రి వలలో పడినదైతే, తిన్నది అరిగిపోయి ఉంటాది. కడుపు ఖాళీ అని అది ఉపాసం ఉన్నాదనుకోకు.

కోడలు: అయితే కవ్వళ్ళు ఎక్కడుంటే కోనాం అక్కడుంటాదన్నమాట.

అత్త: మీ మావ అలగే అంటాడు. నీళ్ళ మీద పిట్టలు గుంపుగా దూకుతుంటే, కింద సిన్న సేపల మంద ఉన్నట్టు. మంద ఉంటే దాని ఎనకాల కోనాం ఉన్నట్టు.

చూశారా? అత్త బడికి వెళ్ళలేదు. కాని ఆమె చెప్పినది నిజం. చేపల శాస్త్రవేత్తలు కూడా ఇదే పని చేస్తారు. విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారి కేంద్రం ఉంది. చేప ఏం తింటుందో తెలుసుకోవాలంటే అక్కడి వారు కూడా దాని కడుపు కోసి చూస్తారు. అందులో ఏముందో లెక్క రాస్తారు. మనం కత్తిపీట దగ్గర చూసేదే వాళ్ళు పుస్తకంలో రాస్తారు.

కోనాం తిండి ఏమిటి?

కోనాం మాంసం తినే చేప. నాచు తినదు. దాని ముఖ్యమైన తిండి చిన్న చేపలు.

కవ్వళ్ళు తింటుంది. నెత్తళ్ళు తింటుంది. కారలు తింటుంది. పెద్ద కోనాం కానాగుర్తలను కూడా పట్టి తింటుంది. అప్పుడప్పుడు రొయ్యలు, స్క్విడ్ తింటుంది. స్క్విడ్ అంటే ఎముక లేని, మెత్తటి ఒళ్ళున్న సముద్ర జీవి. దానికి మూతి చుట్టూ చేతుల్లాంటివి ఉంటాయి.

కోనాం పిల్ల కూడా తక్కువది కాదు. గుడ్డులోంచి బయటికి వచ్చిన కొద్ది రోజులకే వేట మొదలుపెడుతుంది. తనకన్నా చిన్నవైన ఇతర చేపల పిల్లలను మింగుతుంది.

కానాగుర్త పేరు వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. రెండు వందల ఏళ్ళ కిందట పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో ఉండేవాడు. అక్కడ దొరికే రెండు వందల రకాల చేపలకు బొమ్మలు వేయించాడు. ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులో చాలా చేపలకు మన తీరంలో పిలిచే పేర్లే రాశాడు. కానాగుర్త అనే పేరు అలాగే పైకి వెళ్ళింది. ఈనాటికీ ప్రపంచమంతా శాస్త్రవేత్తలు ఆ చేపను 'కనగుర్త' అనే పేరుతోనే రాస్తారు. మన పల్లెకారుల మాట అంత దూరం వెళ్ళింది!

కోనాం ఎలా వేటాడుతుంది?

కోనాం కళ్ళతో చూసి వేటాడుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం పొద్దు వాలే వేళ దాని వేట ఎక్కువ. ఆ మసక వెలుతురులో చిన్న చేపలకు కోనాం సరిగా కనిపించదు. కోనానికి మాత్రం చిన్న చేపల మెరుపు కనిపిస్తుంది.

కవ్వళ్ళ మంద నీటి పైకి వస్తుంది. కోనాం ఒక్కసారిగా బాణంలా దూసుకు వస్తుంది. మంద చెదిరిపోతుంది. చెదిరిన చేపలను కోనాం పట్టుకుంటుంది. ఒక్కోసారి ఆ జోరుకి నీళ్ళలోంచి పైకి ఎగురుతుంది.

మన మగవాళ్ళకు ఈ అలవాట్లు బాగా తెలుసు. అందుకే వేటలో మూడు ఉపాయాలు వాడతారు.

మొదటిది: గాలానికి మెరిసే రేకు కట్టి పడవ వెనక లాగుతారు. కోనాం దాన్ని చిన్న చేప అనుకుని పట్టుకుంటుంది.

రెండవది: గాలం దగ్గర దారానికి బదులు తీగ కడతారు. దారమైతే కోనాం పళ్ళకు తెగిపోతుంది.

మూడవది: రాత్రిపూట వల వేస్తారు. చీకటిలో కోనానికి వల కనిపించదు.

ఇలా దాని తిండి అలవాటు తెలిసినవాడికే అది దొరుకుతుంది.

కొమ్ము కోనాం వేరు

పేరు ఒకలా ఉన్నా కొమ్ము కోనాం వేరే చేప. దాని మూతి ఈటెలా పొడుచుకు వస్తుంది. అది కూడా వేటాడే చేపే. చేపల మందలోకి వెళ్ళి, ఆ కొమ్మును అటూ ఇటూ విసురుతుంది. దెబ్బ తగిలిన చేపలను తింటుంది.

కొమ్ము కోనాంతో జాగ్రత్తగా ఉండాలి. 2022 ఫిబ్రవరిలో విశాఖపట్నం దగ్గర ముత్యాలమ్మపాలెం మత్స్యకారుడు ఒకరు దాని పోటుకు చనిపోయారు. పడవలోకి లాగేటప్పుడు కొమ్ముకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఈ మాట ఇంట్లో మగపిల్లలకు చెప్పండి.

ఒక లెక్క వేద్దాం

ఇప్పుడు కోనాం తిండి లెక్క చూద్దాం. పలక గాని, కాగితం గాని తీసుకోండి.

తిన్నదంతా ఒంటికి పట్టదు. మనకైనా అంతే, చేపకైనా అంతే. తిన్నదానిలో చాలా భాగం ఈదడానికి, ఊపిరికి ఖర్చు అయిపోతుంది. శాస్త్రవేత్తలు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతారు. సుమారు 10 కిలోలు తింటే 1 కిలో ఒళ్ళు వస్తుంది.

ఒక కోనాం 2 కిలోలు ఉంది. అది 5 కిలోలకు పెరిగింది. ఎంత పెరిగింది?

5 – 2 = 3 కిలోలు.

3 కిలోలు పెరగడానికి ఎంత తిని ఉంటుంది?

3 × 10 = 30 కిలోలు.

అంటే ఒక్క కోనాం 3 కిలోలు పెరగాలంటే, సముద్రంలో సుమారు 30 కిలోల చిన్న చేపలు ఉండాలి. మరి ఆ చిన్న చేపలు ఏం తింటాయి? కవ్వళ్ళు, నెత్తళ్ళు నీళ్ళలో తేలే సన్నటి జీవులను, కంటికి కనపడని నాచును తింటాయి. ఆ సన్నటి జీవులు కూడా నాచునే తిని బతుకుతాయి. నాచు ఎండతో పెరుగుతుంది.

దీన్ని ఒక నిచ్చెన అనుకోండి. అన్నిటికన్నా కింద నాచు. దాని పైన సన్నటి జీవులు. ఆ పైన కవ్వళ్ళు, నెత్తళ్ళు. ఆ పైన కోనాం. కోనానికి పైన సొరచేప. సొరకూ పైన మనిషి. ఒక్క మెట్టు విరిగితే పైనున్నవాళ్ళందరూ కింద పడతారు.

మెట్టు ఎలా విరుగుతుంది?

కోడలు మళ్ళీ అడిగింది.

కోడలు: అత్తా, నీ కాలంలో కోనాలు బాగా పడీవేటి?

అత్త: పడీవి. ఇప్పుడు పడినా సిన్నవి పడతన్నాయి. మూర పొడుగు లేనివి కూడా ఒడ్డుకొచ్చెత్తన్నాయి.

కోడలు: సిన్నవైతేటి? అవీ అమ్ముతాం కదా?

అత్త: అమ్ముతాం. కాని అది ఇంకా గుడ్డు పెట్టలేదే. ఇయ్యాల దాన్ని తినీస్తే రేపు పిల్లలెక్కడ నుంచొత్తాయి?

అత్త మాట ఆలోచించండి. గీతల కోనాం గుడ్లు పెట్టాలంటే సుమారు 70 నుంచి 75 సెంటీమీటర్ల పొడవు పెరగాలి. అంటే మూరన్నర దాటాలి. దానికి రెండేళ్ళు పడుతుంది. అలా పెరిగిన ఒక్క ఆడ కోనాం లక్షల గుడ్లు పెడుతుంది. అన్నీ బతకవు. చాలా గుడ్లను, పిల్లలను వేరే చేపలు తినేస్తాయి. కొన్నే మిగులుతాయి. ఆ మిగిలినవే మన ముందు ముందు కోనాలు.

మూర పొడవు లేని కోనాం అరకిలో అటూ ఇటుగా తూగుతుంది. దానికి ధర కూడా తక్కువ. అదే చేప రెండేళ్ళు నిండితే మూడు కిలోల దాకా తూగుతుంది. అప్పటికి గుడ్లు కూడా పెడుతుంది. ఏది లాభం? మీ ఊరి ధర వేసి మీరే లెక్క కట్టండి.

ఇంకొక వైపు కోనాం తిండి కూడా తగ్గిపోతుంది. చిన్న కన్ను వలలు వేస్తే అన్నీ పడతాయి. నెత్తళ్ళు పడతాయి. పెద్ద చేపల పిల్లలు కూడా పడతాయి. పెద్ద మర బోట్లు ఇలాంటి చిల్లర చేపను టన్నుల కొద్దీ తెస్తాయి. అందులో చాలా భాగం మనుషులు తినరు. ఎండబెట్టి పొడి చేస్తారు. ఆ పొడి కోళ్ళ మేతకు, రొయ్యల మేతకు వెళుతుంది.

అంటే కోనాం పిల్లలూ పోతున్నాయి. కోనాం తిండీ పోతోంది. రెండు పక్కలా దెబ్బ.

చేప తగ్గితే ఇల్లు ఏమవుతుంది?

చేప తగ్గితే ముందు తెలిసేది ఆడవాళ్ళకే. వేలం పాటలో ధర పెరుగుతుంది. గంప నిండదు. ఆటో కిరాయి మాత్రం తగ్గదు.

తరువాత మగవాళ్ళు వలస పోతారు. మన తీరంలో పెద్ద రేవు లేదు. మర బోట్లు నిలవడానికి చోటు లేదు. ఇక్కడ వేట గిట్టక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎంతోమంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్లలో కూలికి పని చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన మనవాళ్ళు 20 మందికి పైగా పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది మన రెండు జిల్లాల వాళ్ళే. ఏడాది దాటాక, 2020 జనవరిలో 20 మంది విడుదలై వచ్చారు. అన్నాళ్ళూ ఇళ్ళ దగ్గర భార్యలు, తల్లులు ఎంత కుమిలిపోయి ఉంటారో మనం ఊహించగలం.

వలసకు కారణం చేప తగ్గడం ఒక్కటే కాదు. కాని మన నీళ్ళలో చేప నిండుగా ఉంటే, అంత దూరం వెళ్ళే అవసరం కొంతైనా తగ్గుతుంది.

వేట నిషేధం ఎందుకు?

ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మర బోట్ల వేట ఆపుతారు. మొత్తం 61 రోజులు. 2015కు ముందు ఇన్ని రోజులు ఉండేది కాదు. ఆ ఏడాది నుంచి పెంచారు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టడానికి, పిల్లలు పెరగడానికి ఈ గడువు పనికి వస్తుంది.

ఆ రెండు నెలలూ పొయ్యి వెలగడం కష్టం. అందుకే ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ భృతిని ఒక్కో కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. ఈ భృతి జాబితా గ్రామంలో పెడతారు. అందులో మీ ఇంటివాళ్ళ పేరు ఉందా? మీరే చదవండి. పేరులో తప్పు ఉందా? బ్యాంకు ఖాతా నంబరు సరిగా ఉందా? మీరే సరిచూడండి. చదువు నేర్చుకున్నది ఇందుకే కదా!

చిన్న చేపను తక్కువ చూడకండి

కోనాం అమ్ముకుంటాం. ఇంట్లో నెత్తళ్ళు వండుకుంటాం. "మాకు నెత్తళ్ళే గతి" అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అలా అనుకోనక్కరలేదు.

కోనాం బలం ఎక్కడిది? నెత్తళ్ళు, కవ్వళ్ళు తినడం వల్ల వచ్చిందే. ఆ చిన్న చేపలను మనం నేరుగా తింటే ఆ బలం మనకే వస్తుంది. నెత్తళ్ళను ముల్లుతో సహా నమిలి తింటాం. ఆ ముల్లులో సున్నం ఉంటుంది. అది మన ఎముకలకు బలం.

ఇంకొక సంగతి కూడా ఉంది. సముద్రంలో పాదరసం అనే విషం కొద్ది కొద్దిగా ఉంటుంది. చిన్న చేపలో అది చాలా తక్కువ. పెద్ద చేప ఏళ్ళ తరబడి చిన్న చేపలను తింటుంది. ఆ విషమంతా దాని ఒంట్లో పోగు పడుతుంది. అందుకే గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు పెద్ద సొర, కొమ్ము కోనాం, బాగా ముదిరిన కోనాం వంటివి తగ్గించి చిన్న చేపలు తినడం మేలు. చేప మాత్రం మానకండి. చేప మంచి ఆహారం.

మరొక జాగ్రత్త. కడుపు నిండా తిన్న కోనాం త్వరగా చెడుతుంది. దాని కడుపులోని తిండి కుళ్ళడం మొదలై ఒంటికి ఎక్కుతుంది. కాబట్టి కోనాం కొన్న వెంటనే కడుపు చీల్చి శుభ్రం చెయ్యండి. ఐసులో పెట్టండి. ఎండలో గంప దించి ఉంచకండి. ఐసు లేక చెడిన కోనాం తింటే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు వస్తాయి, వాంతులు అవుతాయి. ఉడకబెట్టినా ఆ విషం పోదు.

మనం ఏం చెయ్యగలం?

"పెద్ద బోట్లను మేమేం ఆపగలం?" అని మీరు అడగవచ్చు. నిజమే. ఒక్కరు ఆపలేరు. కాని ఒడ్డున చేప కొనేది మనం. పాట పాడేది మనం. మూర లేని కోనాన్ని కొనేవాళ్ళు లేకపోతే, దాన్ని ప్రత్యేకంగా పట్టేవాళ్ళు తగ్గుతారు. సంఘంలో అందరూ కలిసి మాట అనుకుంటే ఇది జరుగుతుంది. ఒక్కరే మానితే పక్కవాళ్ళు కొనుక్కుంటారు. అందుకే కలిసి అనుకోవాలి.

ఇంట్లో వల కొనేటప్పుడు కన్ను ఎంత ఉందో అడగండి. చిల్లర చేప తెచ్చే మర బోట్ల సంగతి మత్స్యశాఖ అధికారి ఊరికి వచ్చినప్పుడు చెప్పండి. నోటి మాట మరచిపోతారు. కాగితం మీద రాసి, అందరూ సంతకాలు చేసి ఇవ్వండి. వేలిముద్రలు కాదు, సంతకాలు!

ఆలోచించండి, చెప్పండి

1. కోనాం ఎందుకు ఎప్పుడూ ఈదుతూనే ఉంటుంది?

2. కోనాం తినే చేపలలో మూడింటి పేర్లు రాయండి.

3. గాలానికి మెరిసే రేకు ఎందుకు కడతారు?

4. ఒక కోనాం 3 కిలోల నుంచి 7 కిలోలకు పెరిగింది. అది సుమారు ఎన్ని కిలోల చిన్న చేపలు తిని ఉంటుంది?

5. మీ ఊళ్ళో పదేళ్ళ కిందట ఏ చేపలు ఎక్కువ పడేవి? ఇప్పుడు ఏవి పడుతున్నాయి? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాయండి.

చేసి చూడండి

ఈసారి కోనాం కోసినప్పుడు దాని కడుపులో ఏముందో చూడండి. ఒక నోటు పుస్తకంలో తేదీ వెయ్యండి. చేప పొడవు ఎన్ని మూరలో రాయండి. కడుపులో దొరికిన చేపల పేర్లు, ఎన్ని ఉన్నాయో రాయండి. ఏమీ లేకపోతే "ఖాళీ" అని రాయండి. ఒక నెల రోజులు అలా రాసి, చదువు కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.